ఒక నెల, ఒకే అలవాటు: జెన్ హాబిట్స్ తొలినాళ్ల జ్ఞాపకాలు

2007-08 నాటి ఇంటర్నెట్ బాగా చదివినవాళ్లకి ఆ నారింజరంగు గుర్తు ఇంకా కళ్లముందే ఉంటుంది. చిన్న చదరంలో కింద మూలన ఒక చుక్క, దాని మీదుగా రెండు వంపు గీతలు. దాన్ని నొక్కితే ఆ బ్లాగు మన గూగుల్ రీడర్‌లోకి వచ్చి చేరేది. ఇక ఆ గడప మళ్లీ తొక్కనక్కర్లేదు, కొత్త టపా పడగానే అదే మన దగ్గరికి నడిచి వచ్చేది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఆఫీసుకొచ్చి సిస్టమ్ ఆన్ చేశాక మెయిల్ కన్నా ముందు దాన్నే తెరిచే తెలుగువాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ఎడమ పక్కన పేర్ల వరస, ప్రతి పేరు పక్కనా చదవనివి ఎన్నో చెప్పే అంకె. లేఖిని అనే తెలుగు టైపింగ్ సైటులో టైపు చేసి, బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలి ద్వారా జనంలోకి వచ్చిన మన తెలుగు బ్లాగులు ఆ వరసలో అప్పుడప్పుడే పెరుగుతున్నాయి. వాటి మధ్యన తరచుగా కనబడిన ఇంగ్లిష్ పేరు జెన్ హాబిట్స్, అలవాట్లు మార్చుకోవడం గురించి లియో బబౌటా రాసిన బ్లాగు.

వ్యక్తిత్వ వికాసం అప్పటికి మనకి కొత్తేమీ కాదు. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ పుస్తకాల అలమర ఉన్న ప్రతి ఇంట్లోనూ కనిపించేది. పట్టాభిరామ్ గారి పుస్తకాలు బస్టాండు స్టాళ్లలో దొరికేవి. వాటిని చదువుతుంటే వేదిక మీద నుంచి ఒక పెద్దాయన మనకి నచ్చజెబుతున్నట్టు ఉండేది. లియో బబౌటా రాతలో వేదిక లేదు. పక్కింటాయన గోడ మీద మోచేతులాన్చి, ‘నిన్నటి నుంచి ఇది మొదలుపెట్టాను, ఇక్కడ తడబడ్డాను, ఇలా చేస్తే సర్దుకుంది’ అని చెబుతున్నట్టు ఉండేది. ఆయన మీద ఇంత ప్రేమ ఎందుకు మిగిలిందంటే మొదటి కారణం అదే.

అప్పట్లో ఆయన ఉండేది అమెరికా నగరంలో కాదు, గువామ్‌లో. పసిఫిక్ మహాసముద్రం పడమటి భాగంలో, ఈ చివర నుంచి ఆ చివరికి యాభై కిలోమీటర్లు కూడా లేని దీవి. పాలన అమెరికాది, దూరం చూస్తే ఫిలిప్పీన్స్ దగ్గర. లియో 1973లో పుట్టారు. వృత్తి రీత్యా పత్రికా విలేఖరి, ఆ తర్వాత విడిగా వ్యాసాలు రాసిపెట్టే పని. ఆ వృత్తిలో ఆయనది దాదాపు పద్దెనిమిదేళ్ల అనుభవం. భార్య ఈవా, ఆరుగురు పిల్లలు. 2005 నాటికి ఆయన పరిస్థితి: సిగరెట్లు, పెరిగిన బరువు, నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలని జీతం, పైన అప్పులు. సాకులు చెప్పుకోవాలంటే కావలసినన్ని ఉన్న జీవితం. ఆరుగురు పిల్లలున్న ఇంట్లో సాధ్యపడిందంటే ఇద్దరున్న ఇంట్లో సాధ్యపడదా అనే ధైర్యం చదివేవాళ్లకి అక్కడే దొరికేది.

మొదటి మార్పు 2005 నవంబరులో. సిగరెట్ మానేశారు. అంతకుముందు చాలాసార్లు మానబోయి ఓడిపోయినవారే. ఈసారి తేడా ఎక్కడుందో ఆయన తర్వాత చాలా వివరంగా రాశారు. సిగరెట్ మానాలనుకునే ప్రతి ఒక్కరికీ అది ఇప్పటికీ పనికొచ్చే పాఠం కాబట్టి కాస్త ఆగి చెప్పుకోవాలి.

ముందుగా సిగరెట్ ఎప్పుడెప్పుడు చేతిలోకి వస్తోందో కాగితం మీద రాసుకోవాలి. నిద్ర లేవగానే, కాఫీతో, భోజనం అయ్యాక, పై అధికారితో మాటపడ్డాక, స్నేహితులతో కూర్చున్నప్పుడు, అలా. ఒక్కో సందర్భానికి ఎదురుగా దాని బదులు ఏం చేస్తామో రాయాలి: గ్లాసుడు నీళ్లు, పది నిండు ఊపిరులు, వీధి చివరిదాకా నడక. ఈ రెండో గడి ఖాళీగా వదిలేసినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. అలవాటుని తీసేస్తే అక్కడ గుంట పడుతుంది. దాన్ని మనం పూడ్చకపోతే పాతదే వచ్చి పూడుస్తుంది. మనసు లాగినప్పుడు ఆ లాగుడు కొన్ని నిమిషాలు మాత్రమే ఉంటుంది. అల లాగా లేచి, దానంతటదే పడిపోతుంది. దాంతో కుస్తీ పట్టక్కర్లేదు, పడిపోయేదాకా ఓపిక పడితే చాలు. మొదటి మూడు నాలుగు రోజులు ఒళ్లు మరీ గట్టిగా అడుగుతుంది, ఆ తర్వాత వారాల తరబడి మనసు అడుగుతుంది. ఒళ్లు అడగడం తగ్గగానే గెలిచామనుకుని కాపలా వదిలేయడం దగ్గర చాలామంది జారిపోతారు.

ఇంకొక నియమం: ఒక్క దమ్ము కూడా లేదు. మానేవాళ్ల బృందంలో నుంచి ఆయన పట్టుకున్న మాట అది. ‘ఈ ఒక్కటే’ అనుకున్న చోటే మళ్లీ మొదటికొస్తుందని ఆయనకి అనుభవంలో తేలింది. ఇంట్లో వాళ్లకి మాటిచ్చారు. ఆ బృందంతో రోజూ తన సంగతి చెప్పుకున్నారు. నలుగురికీ చెప్పాక వెనక్కి తగ్గడం కష్టం. ఈ చివరి ముక్కే తర్వాత ఆయన పద్ధతి మొత్తానికీ వెన్నెముక అయింది.

సిగరెట్ మానాక ఒత్తిడికి బదులుగా పరుగు పట్టుకున్నారు. ఏడాది తిరిగేసరికి, 2006 డిసెంబరులో, 42 కిలోమీటర్ల మారథాన్ పూర్తి చేశారు. పరుగు నిలబడ్డాక తెల్లవారుజామున లేవడం, ఆ తర్వాత తిండి, ఆ తర్వాత అప్పులు. ఒకదాని మీద ఒకటి పడేయకుండా, ఒకటి కుదురుకున్నాకే రెండోది. మనవాళ్లలో ఆరంభశూరత్వం అనే మాట ఊరికే పుట్టలేదు. జనవరి ఒకటిన వాకింగూ, డైరీ రాయడమూ, స్వీట్లు మానడమూ, ఇంగ్లిష్ పేపరు చదవడమూ అన్నీ కలిపి మొదలుపెట్టి, సంక్రాంతి అరిసెలతో అన్నీ కలిపి ఆపేస్తాం. లియో చెప్పినదంతా ఒక్క మాటలో పెడితే, ఆ నాలుగింటిలో మూడు పక్కన పెట్టమనడమే.

పొద్దున్నే లేవడం గురించి ఆయన రాసింది చూడండి. ఏడింటికి లేచేవాడు రేపటి నుంచి ఐదింటికి లేస్తానని అలారం పెడితే రెండు రోజులు లేస్తాడు, మూడోరోజు మధ్యాహ్నం డెస్కు మీద తల వాల్చేస్తాడు, నాలుగోరోజు అలారం ఆపి పడుకుంటాడు. అందుకని పదిహేను నిమిషాలు మాత్రమే ముందుకు జరపాలి. 7 నుంచి 6:45. కొన్ని రోజులు ఒంటికి అలవాటయ్యాక 6:30. అలారం మంచం పక్కన కాకుండా గదికి ఆ చివర పెట్టాలి, ఆపాలంటే లేచి నడవాల్సి రావాలి. ఆపాక వెంటనే గదిలో నుంచి బయటికి వచ్చేయాలి, మంచం వైపు చూడకూడదు. ఇక్కడ జరిగే అసలు తప్పు పొద్దున కాదు, రాత్రి. లేచే వేళ ముందుకు జరిపి, పడుకునే వేళ అక్కడే ఉంచితే ఒళ్లు అప్పు పడుతుంది, ఆ అప్పు తీర్చకుండా ఊరుకోదు. లేచాక ఏం చేయాలో ముందురోజే అనుకోకపోవడం మరో తప్పు. చేయడానికి ఇష్టమైన పని లేని తెల్లవారుజాము ఎవరినీ మంచం మీద నుంచి లేపలేదు.

అప్పుల విషయంలో ఆయన చెప్పింది అమెరికాలో డేవ్ రామ్సే బాగా ప్రచారం చేసిన మంచుముద్ద పద్ధతి. మన లెక్కలో చెప్పుకుందాం. చేబదులు 5,000, క్రెడిట్ కార్డు మీద 12,000, బండి లోను మిగులు 38,000 ఉన్నాయనుకోండి. అన్నింటికీ కట్టాల్సిన కనీసం కడుతూ, పైన మిగిల్చిన 2,500 అంతా అన్నిటికన్నా చిన్నదాని మీదే పెట్టాలి. రెండు నెలల్లో చేబదులు తీరిపోతుంది. మూడో నెల నుంచి అదే 2,500 కార్డు కిస్తీకి కలుస్తుంది. కార్డు తీరాక రెండూ కలిసి బండి లోను మీద పడతాయి. దొర్లే కొద్దీ ముద్ద పెద్దదవుతుంది. లెక్కల మాస్టారిని అడిగితే వడ్డీ ఎక్కువున్న కార్డు ముందు తీర్చమంటారు. ఆ మాట నిజమే, మన దగ్గర కార్డు వడ్డీ నెలకి మూడు శాతం పైనే ఉండటం మామూలు కాబట్టి కార్డు బాకీ పెద్దదైతే దాన్నే ముందు పట్టుకోవడం మంచిది. అయినా అప్పుల జాబితాలో ఒక పేరు మీద అడ్డగీత పడటం చూసిన మనిషికి వచ్చే ఊపు వేరు. మూడు నెలలకే విసిగి ఆపేసేవాళ్లకి ఆ ఊపే ముఖ్యం. దీనితోపాటు ఆయన చెప్పిన మరో చిన్న సాధనం ముప్పై రోజుల చీటీ. ఏదైనా కొనాలనిపిస్తే దాని పేరూ ఆ రోజు తేదీ రాసి పెట్టుకోవాలి. ముప్పై రోజుల తర్వాత కూడా కావాలనిపిస్తే కొనుక్కోవచ్చు. చాలావాటి పేరు చూసి అప్పటికి ఇది ఎందుకు రాశామా అనిపిస్తుంది.

ఇవన్నీ ఒక కొలిక్కి వచ్చాక, 2007 ఆరంభంలో, చేసినవాటిని రాసిపెట్టుకోవడానికి జెన్ హాబిట్స్ మొదలైంది.

ఆ కాలం గురించి ఒక మాట చెప్పాలి. డేవిడ్ అలెన్ 2001లో ‘గెటింగ్ థింగ్స్ డన్’ పుస్తకం తెచ్చాక ఇంటర్నెట్ నిండా పనులు చక్కబెట్టుకునే పద్ధతుల గురించే చర్చ. 2004లో మెర్లిన్ మాన్ ‘43 ఫోల్డర్స్’ బ్లాగు మొదలుపెట్టారు. నెలలో 31 రోజులకీ, ఏడాదిలో 12 నెలలకీ ఒక్కో ఫోల్డరు చొప్పున 43, అందుకే ఆ పేరు. 2005లో ‘లైఫ్‌హాకర్’ వచ్చింది. మూడంగుళాలు ఐదంగుళాల కార్డుల కట్టకి నల్ల బైండర్ క్లిప్పు పెట్టి జేబులో వేసుకుని, అదే తమ డిజిటల్ డైరీ అని మురిసిపోయినవాళ్లు ఎందరో. ఆ సందడిలో లియో గమనించిన సంగతి చాలా సూటిగా ఉంది. అలెన్ పద్ధతిలో అన్నీ మంచి అలవాట్లే. కానీ అవన్నీ ఒకేసారి మొదలుపెట్టాలి. తలలో ఉన్నవన్నీ రాయడం, రాసినవి తేల్చడం, జాబితాల్లో సర్దడం, వారానికోసారి తిరగేయడం. ఏ ఒక్కటి కుంటుపడ్డా మొత్తం కూలుతుంది.

అందుకని ఆయన దాన్ని పది అలవాట్లుగా విడగొట్టి, ఒకటి తర్వాత ఒకటి చేసుకోమని ‘జెన్ టు డన్’ రాశారు. ఎక్కడికెళ్లినా ఒక చిన్న పుస్తకం జేబులో ఉండాలి, తట్టింది వెంటనే అందులో పడాలి, ఇది మొదటిది. రాసినవి రోజూ ఒకసారి తిరగేసి తేల్చేయడం రెండోది. పొద్దున్నే ఆ రోజుకి ముఖ్యమైన మూడు పనులు ఎంచుకోవడం మూడోది. ఎంచుకున్నదాన్ని మరో పని ముట్టుకోకుండా చేయడం నాలుగోది. మిగతా ఆరూ వీటి వెనక వస్తాయి. నిజం చెప్పాలంటే నాలుగోది ఒక్కటి పట్టుబడితే చాలామందికి మిగతావాటి అవసరమే పెద్దగా రాదు, ఆయన కూడా దాన్నే ముఖ్యమైనదిగా చెప్పారు.

ముఖ్యమైన మూడు పనుల చీటీ పైకి చాలా తేలిక. చెడేది రాసే తీరులో. ‘బాత్రూం కుళాయి’ అని రాసుకుంటే ఆ చీటీ వారం రోజులు అలాగే ఉంటుంది. చూసిన ప్రతిసారీ ఏం చేయాలో మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి కాబట్టి కన్ను దాని మీద నుంచి జారిపోతుంది. ‘ప్లంబరుకి ఫోన్ చేసి శనివారం పది గంటలకి రమ్మనాలి’ అని రాస్తే రెండు నిమిషాల్లో తీరిపోతుంది. మూడింటిలో కనీసం ఒకటి మన పెద్ద లక్ష్యానికి చెందినదై ఉండాలి. లేకపోతే రోజూ మూడు పనులు చేస్తూనే ఏడాది తర్వాత ఉన్నచోటే ఉంటాం. మెయిలు తెరవకముందే మొదటి పని మొదలుపెట్టాలి. తెరిస్తే మన చీటీ పోయి ఎదుటివాళ్ల చీటీ మొదలవుతుంది. మెయిలు రోజుకి రెండుసార్లు చూస్తే చాలని, జవాబు ఐదు వాక్యాలు దాటనక్కర్లేదని ఆయన పెట్టుకున్న హద్దు. ఆఫీసు ఉద్యోగంలో రెండుసార్లు కుదరకపోవచ్చు, ఐదు వాక్యాలు మాత్రం ఎక్కడైనా కుదురుతుంది.

సామాను తగ్గించుకోవడం గురించి ఆయన రాసినవి మన ఇళ్లకి అచ్చుగుద్దినట్టు సరిపోయేవి. టీవీ కింది సొరుగు తీసుకోండి. దాన్ని సర్దడం కాదు, బయటికి లాగి మొత్తం నేల మీద బోర్లించాలి. రబ్బరుబ్యాండ్లు, ఇంకు ఎండిన పెన్నులు, ఎప్పుడో పోయిన మిక్సీ వారంటీ కార్డు, సన్నపిన్ను నోకియా చార్జరు, పెళ్లిపిలుపు కవర్లో మిగిలిన అక్షింతలు, ఏ తాళానిదో తెలియని తాళంచెవి. ఒక్కో వస్తువూ ఒక్కసారే చేతిలోకి తీసుకోవాలి, తీసుకున్నాక కింద పెట్టేలోపు నిర్ణయం అయిపోవాలి. ఉంచేవి ఒక కుప్ప, పారేసేవీ ఇచ్చేసేవీ ఒక కుప్ప, తేల్చుకోలేనివి ఒక కుప్ప. మూడో కుప్పని అట్టపెట్టెలో వేసి, టేపు అంటించి, పైన తేదీ రాసి అటక మీద పెట్టాలి. ఆరు నెలల్లో ఆ పెట్టె తెరవాల్సిన పని పడకపోతే తెరవకుండానే ఇచ్చేయొచ్చు. చెడేదెక్కడంటే ఇల్లంతా ఒకే ఆదివారం పట్టుకున్నప్పుడు. మధ్యాహ్నానికి హాలు నిండా కుప్పలు, సాయంత్రానికి చుట్టాలు, ఇక అన్నీ కలిపి మంచం కిందికి. ఒక్క సొరుగు, ఐదు నిమిషాలు అని ఆయన అన్నది అందుకే.

రాయడంలో ఆయనకో ఒడుపు ఉండేది. చిన్న చిన్న వాక్యాలు, అంకెలతో జాబితాలు, దేన్ని సాధించవచ్చో సూటిగా చెప్పే పేరు. పత్రికలో పనిచేసిన చెయ్యి కాబట్టి మొదటి పేరాలోనే విషయం ఉండేది. తన దగ్గర రాస్తూనే ఇతరుల బ్లాగుల్లో అతిథిగా విరివిగా రాసేవారు, అక్కడి పాఠకులు వెంట వచ్చేవారు. పక్కన ఫీడ్‌బర్నర్ వాళ్ల చిన్న పెట్టెలో చందాదారుల అంకె కనబడేది. అది వేలల్లోంచి పదివేలల్లోకి ఎగబాకడం పాఠకులు కూడా సొంత ఇంటి సంగతిలా చూసుకునేవాళ్లు. 2008 ఆరంభంలో ఆయన ఉద్యోగం మానేసి పూర్తిగా రాతమీదే నిలబడ్డారు. 2009లో టైమ్ పత్రిక ఎంచిన 25 ఉత్తమ బ్లాగుల్లో జెన్ హాబిట్స్ ఉంది.

2008 జనవరిలోనే ఆయన మరొక పని చేశారు. అప్పట్లో బ్లాగర్లంతా తమ రాతలు ఎవరో ఎత్తుకుపోతున్నారని గొడవపడుతున్న రోజులు. మన తెలుగు బ్లాగుల్లోనూ ఆ బాధ ఉండేది, పేరు తీసేసి టపాలు మెయిళ్లలో తిప్పేవాళ్లు. లియో తన రాతల మీద హక్కులన్నీ వదిలేసుకున్నానని ప్రకటించారు. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. తన పేరు చెబితే సంతోషం, చెప్పకపోయినా దావా లేదు. ఆయన లెక్క ఏమిటంటే, కాపలా కాయడానికి పోయే శక్తి రాయడానికి పెడితే మేలు. రాత ఎంత దూరం తిరిగితే అంతమంది మొదటి ఇంటిని వెతుక్కుంటూ వస్తారు. అదే ఉద్యోగం మానిన ఏడు, ఆరుగురు పిల్లల ఇంటికి ఆ రాతలే ఆధారం. అప్పుడు ఆ నిర్ణయం తీసుకోవడానికి ఎంత నిబ్బరం కావాలో ఆలోచిస్తే ఇప్పటికీ మనసు ఆర్ద్రమవుతుంది.

2008 చివరి రోజుల్లో హైపీరియన్ సంస్థ ఆయన ‘ద పవర్ ఆఫ్ లెస్’ ప్రచురించింది. అందులోని అసలు సరుకు ఒక నెల సాధన. ఒక్క అలవాటు ఎంచుకోవాలి. కాగితం మీద రాయాలి: ఏం చేస్తాను, ఎప్పుడు, దేని తర్వాత, ఎంతసేపు. రోజూ ఎవరికో ఒకరికి చేశానా లేదా చెప్పాలి. నెల పూర్తయితే సంబరం చేసుకోవాలి. నెల మధ్యలో రెండో అలవాటు ముట్టుకోకూడదు.

నాలుగు ముక్కల్లోనూ ఎక్కడ చెడుతుందో ఆ రోజుల్లో ప్రయత్నించినవాళ్లందరికీ తెలుసు. ‘వ్యాయామం చేస్తాను’ అని రాస్తే చెడుతుంది, ‘పళ్లు తోముకోగానే ఐదు నిమిషాలు నడుస్తాను’ అంటే నిలుస్తుంది. ‘ఆరింటికి’ అని గడియారానికి ముడివేస్తే ఊరెళ్లిన రోజు తెగిపోతుంది, రోజూ ఎటూ జరిగే పనికి ముడివేస్తే ఊళ్లోనూ జరుగుతుంది. మొదటివారం ఉత్సాహంలో ఐదు నిమిషాలని నలభై చేస్తే రెండోవారం కాళ్లు నొప్పులు, మూడోవారం వాయిదా. మొదటి రోజుల్లో ఇంకా చేయగలిగి ఉండి ఆపేయడమే ఈ సాధనలో కష్టమైన భాగం. ఒకరోజు తప్పితే మొత్తం పోయిందనుకుని వదిలేసేవాళ్లు అందరికన్నా ఎక్కువ.

ఒకరోజు తప్పితే మొత్తం పోయినట్టు కాదనడానికి తర్వాత శాస్త్రం కూడా ఊతమిచ్చింది. ఇరవయ్యొక్క రోజుల్లో అలవాటు పడుతుందని ఒక నానుడి ఉంది. అది 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం నుంచి, చేతులు మారి మారి వచ్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి, సగటున 66 రోజులు పడుతుందని, పనిని బట్టీ మనిషిని బట్టీ 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని తేల్చింది. మధ్యలో ఒకరోజు తప్పితే పెద్దగా నష్టమేమీ లేదని కూడా చూసింది. ఈ లెక్కన లియో చెప్పిన నెల చాలదు. ముప్పై రోజులు అవగానే ముగిసిందనుకుని కాగితం చింపేసినవాళ్ల అలవాట్లు ముప్పయ్యైదో రోజుకి జారిపోయింది అందువల్లే. నెలని మొదటి మజిలీగా పెట్టుకుని, రెండో నెల కూడా అదే అలవాటుని కాస్త వదులుగానైనా పట్టుకుని ఉంటే మంచిది.

2010లో కుటుంబమంతా గువామ్ వదిలి శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. ఆ రోజుల్లో ఆయన బ్లాగు రూపం మారుతూ రావడం చూడముచ్చటగా ఉండేది. మొదట్లో అందరి బ్లాగుల్లాగే పక్కన రెండు పట్టీలు, ప్రకటనలు, బొమ్మలు, అంకెలు. ఒక్కోటీ తీసేస్తూ వచ్చారు. ప్రకటనలు పోయాయి. పక్క పట్టీలు పోయాయి. చందాదారుల అంకె పోయింది. చివరికి తెల్లకాగితం మధ్యన ఒక్క అక్షరాల వరస మిగిలింది. ప్రకటనలు తీస్తే ఆదాయం ఎలాగని అడిగినవాళ్లకి సమాధానం ఆయన పుస్తకాలూ, సాధన తరగతులూ. ఏకాగ్రత మీద రాసిన పుస్తకానికి ఒక ప్రతి ఉచితంగా కూడా ఇచ్చారు. తర్వాతి ఏళ్లలో నెలకో అలవాటు చొప్పున నేర్పే సీ ఛేంజ్ అనే సభ్యత్వ తరగతి నడిపారు. మార్పు గురించిన తన పుస్తకాన్ని ఏ ప్రచురణ సంస్థకీ ఇవ్వకుండా, కిక్‌స్టార్టర్‌లో పాఠకుల దగ్గరే ముందుగా డబ్బు సమకూర్చుకుని తానే అచ్చు వేయించారు.

ఈ పొదుపు జీవితం ఉన్నవాళ్ల ముచ్చట అని విమర్శించినవాళ్లూ ఉన్నారు. వస్తువులు కొనగలిగే స్తోమత ఉన్నవాడే వద్దనుకోగలడు కదా అని. ఆ మాటలో కొంత నిజం ఉంది, ఆ తర్వాత వచ్చిన చాలామంది మినిమలిస్టుల విషయంలో మరీ ఎక్కువ నిజం. లియో మాత్రం అప్పులతో మొదలుపెట్టారు. చేతిలో డబ్బు లేని నెలల్లో తగ్గించుకోవడం నేర్చుకుని, డబ్బొచ్చాక కూడా దాన్ని వదల్లేదు. ఆయన తర్వాతి రాతల్లో పనులు చక్కబెట్టడం తగ్గి, మనసులోని తడబాటుతో కూర్చోవడం పెరిగింది. ధ్యానం, భయం, అనిశ్చితి. అవి మంచివే. అయినా సొరుగు బోర్లించే పద్ధతి చెప్పిన ఆ మొదటి రెండు మూడేళ్ల టపాలంటేనే పాతవాళ్లకి మమకారం.

2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడింది. ఆ నారింజరంగు గుర్తు ఒక్కో బ్లాగు మీంచీ మాయమైంది. రాసేవాళ్లు చాలామంది ఫేస్‌బుక్‌కి తరలిపోయారు, మన తెలుగువాళ్లు కూడా. అంతకు కొన్ని నెలల ముందే, 2012 నవంబరులో, జేమ్స్ క్లియర్ సోమవారం ఒకటి గురువారం ఒకటి చొప్పున అలవాట్ల మీద రాయడం మొదలుపెట్టారు. 2018లో వచ్చిన ఆయన ‘అటామిక్ హాబిట్స్’ ఇప్పుడు రైల్వేస్టేషన్ స్టాళ్లలో కూడా దొరుకుతోంది. దాన్ని చదివి మెచ్చుకున్న పిల్లలకి, అది రావడానికి పదేళ్ల ముందే ఒక దీవిలో కూర్చుని ఒకాయన ఇదే దారిలో కంప కొట్టి బాట వేశాడని చెప్పాలనిపిస్తుంది.

ఆ హక్కుల ప్రకటన వల్ల మనకో వెసులుబాటు ఉంది. ఆ పాత టపాలు తెలుగులో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెట్టబోతే తెలుస్తుంది అవి ఎంత తేలిగ్గా మన మాటలోకి ఒదుగుతాయో. మనసు లాగడానికి మనకి ‘యావ’ అనే చక్కని మాట ఉంది. ‘ఈ ఒక్కటే’ అనడానికి వేరే అనువాదం వెతకనక్కర్లేదు, అది మనం రోజూ అనుకునేదే. ఆయన పొద్దుటి కాఫీకి ముడివేసిన చోట మనం ‘కాఫీ గ్లాసు సింకులో పెట్టగానే’ అని రాసుకోవచ్చు. ఇంకా చిన్నవి కావాలంటే ‘దేవుడి దీపం కొండెక్కకముందే’, ‘కుక్కరు రెండో విజిలు వచ్చేలోపు’. ఐదు నిమిషాలకి అంతకన్నా మంచి కొలత మన వంటింట్లో లేదు.